మూడు లిపుల ట్రంకుపెట్టె: ఇంటి కాగితాలు కంప్యూటర్లో వెతికితే దొరకాలంటే ఏ పద్ధతి మేలు?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ఊళ్లలో తెలుగువాళ్ల ఇంట్లో పాత ట్రంకుపెట్టె తెరిస్తే సాధారణంగా మూడు లిపులు బయటపడతాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడక ముందు, మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో రాయించిన క్రయ దస్తావేజులు తెలుగులో ఉంటాయి. ఆ తర్వాతి ఆర్ఓఆర్‌లు (భూమి హక్కుల పత్రాలు), ఖజానా అంటే భూమి శిస్తు రశీదులు ఒడియాలో ఉంటాయి. బ్యాంకు, బీమా, పాస్‌పోర్టు కాగితాలు ఇంగ్లీషువి. వీటన్నిటినీ స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టేయడం పెద్ద పనేం కాదు. ఆరు నెలల తర్వాత ‘ఫలానా ఖాతా నంబరు కాగితం ఏది’ అని టైప్ చేస్తే అది పైకి రావడమే అసలు పని.

ఇందుకు దొరికే సలహాలు చాలా వరకు ఒకే భాష వాడే ఇంటిని ఊహించుకుని రాసినవి. మన సరిహద్దు ఇళ్లకు అవి సగమే పనికొస్తాయి. ఏ సాఫ్ట్‌వేర్ అందంగా ఉంది అన్నది తర్వాత చూసుకోవచ్చు. కాగితాన్ని ఏ లిపిలో చదవాలో ఒక్కో కాగితానికి విడిగా చెప్పనిచ్చేది ఏది అన్నదే ఇక్కడ ఎంపికను తేలుస్తుంది.

ముందు ఒక చిన్న పరీక్ష

మీ దగ్గర ఇప్పటికే ఉన్న పీడీఎఫ్‌లలో ఒకటి తెరిచి, ఒక మాట మీద మౌస్ లాగి కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. మూడింట్లో ఒకటి జరుగుతుంది. మాట ఉన్నదున్నట్టు వస్తే ఆ ఫైలు సిద్ధంగా ఉన్నట్టే. మాట అసలు పట్టుబడకపోతే అది వట్టి బొమ్మ, దానికి అక్షరాల గుర్తింపు అంటే ఓసీఆర్ చేయాలి. మూడోదే మాయదారిది. తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది, అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన చెత్త పడుతుంది. యూనికోడ్ రాకముందు అను వంటి ఫాంట్లతో టైప్ చేసిన ఫైళ్లన్నీ ఇంతే. వాటి కడుపులో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, పైన తొడుక్కున్న చొక్కా మాత్రమే తెలుగు. ఆకృతి ఫాంట్లతో చేసిన పాత ఒడియా ఫైళ్లదీ ఇదే కథ. వెతికే సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఇందులో పాఠం ఉంది కాబట్టి మళ్లీ చదవాల్సిన పని లేదనుకుంటుంది. ఇలాంటి వాటికి ‘ఉన్న పాఠాన్ని పక్కన పెట్టి బలవంతంగా చదువు’ అనే ఐచ్ఛికం (ఆప్షన్) వాడాలి.

స్కానింగ్‌లో చెడితే తర్వాత బాగుపడదు

300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు), గ్రేస్కేల్ (బూడిద ఛాయలు). ఇది గుర్తుంటే చాలు. సన్న అచ్చు, పాత కాగితం అయితే 400. నలుపు-తెలుపు మోడ్ మాత్రం వద్దు. ఇంగ్లీషు అక్షరాలు దాన్ని తట్టుకుంటాయి గానీ మన తలకట్టు, వత్తులు, సున్నలు తట్టుకోవు. సన్న గీత ఎగిరిపోతే ‘ప’, ‘వ’ల మధ్య తేడా చెరిగిపోతుంది. రంగు ముద్రలున్న కాగితాలను మాత్రం రంగుల్లోనే తీయండి. ముద్ర కింద పడ్డ అక్షరాన్ని తర్వాత కంటితో చదువుకోవడానికి రంగు తేడాయే ఆధారం.

మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానర్ అద్దం ఏ4 కొలతకే ఉంటుంది, అంటే పొడవు 11.7 అంగుళాలు. స్టాంపు కాగితాలు చాలా వరకు లీగల్ కొలతవి, 14 అంగుళాలు. కింద రెండు అంగుళాల పైచిలుకు, అంటే సరిగ్గా సాక్షి సంతకాలు ఉండే చోటు, బయట ఉండిపోతుంది. రెండుసార్లు తీయాలి, లేదా ఫోనుతో తీయాలి. 12 మెగాపిక్సెల్ ఫోటోలో పొడవు వైపు 4000 పిక్సెళ్లు ఉంటాయి. ఏ4 కాగితం ఫ్రేమంతా నిండేలా తీస్తే అది దాదాపు 340 డీపీఐ. లీగల్ కాగితమైతే 285 దగ్గర ఆగుతుంది, పని నడుస్తుంది. ఆ ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపించుకుంటే మాత్రం పిక్సెళ్లు నలిగిపోతాయి. ‘డాక్యుమెంట్’గా పంపాలి, లేదా కేబుల్ పెట్టి ఎక్కించుకోవాలి.

పలచటి పాత కాగితానికి వెనక పేజీ అక్షరాలు ముందుకు కనబడుతుంటే, వెనకాల నల్ల కాగితం పెట్టి స్కాన్ చేయండి. మడతలు పడి పెళుసెక్కిన దస్తావేజును పైనుంచి లాక్కునే ఫీడర్ స్కానర్‌లో పెట్టడం దాన్ని చింపుకోవడానికి దగ్గరి దారి. సెల్లోటేపుతో అతికించడమూ అంతే, కొన్నేళ్లకు ఆ జిగురే కాగితాన్ని తింటుంది.

చదివించడం: ఎన్‌ఏపీఎస్2, ఓసీఆర్‌మైపీడీఎఫ్, డ్రైవ్

ఉచితంగా దొరికే అక్షర గుర్తింపు సాఫ్ట్‌వేర్లలో ఎక్కువ వాటి వెనక ఉండే ఇంజిన్ టెసరాక్ట్. 1980లలో హెచ్‌పీ సంస్థలో మొదలై, 2005లో ఓపెన్ సోర్స్ అయింది. తెలుగుకు దాని కోడ్ టీ-ఈ-ఎల్, ఇంగ్లీషుకు ఈ-ఎన్-జీ, ఒడియాకు ఓ-ఆర్-ఐ. 2011లో ఒరియా అధికారికంగా ఒడియా అయినా ఇక్కడ పాత పేరే నడుస్తోంది. భాషల జాబితాలో ‘ఒడియా’ దొరకలేదని నిరాశపడకండి, ‘ఒరియా’ దగ్గర చూడండి.

విండోస్ వాడే ఇంటికి మా మొదటి ఓటు ఎన్‌ఏపీఎస్2కే. ఉచితం, స్కానర్‌ను అదే నడుపుతుంది, ఓసీఆర్ అమరికల్లో భాషలు దించుకోనిస్తుంది, పేజీలు అటూ ఇటూ జరిపి ఒకే పీడీఎఫ్‌గా కూర్చుతుంది. బొమ్మ బొమ్మగానే ఉంటుంది, వెనక కనబడని పొరగా అక్షరాలు చేరతాయి.

వందల ఫైళ్లు ఒకేసారి చేయాలంటే ఓసీఆర్‌మైపీడీఎఫ్ మేలు. ఇది ఆదేశాలు టైప్ చేసి నడిపేది. లినక్స్ మింట్, ఉబుంటు మీద దాన్నీ, తెలుగు, ఒడియా భాషా ప్యాకెట్లనూ విడివిడిగా ఎక్కించుకోవాలి. భాషా ప్యాకెట్ మరిచిపోతే మొదటి ఫైలు దగ్గరే ఆగిపోతుంది. వంకర పేజీని సరిచేయడం, తలకిందుల పేజీని తిప్పడం ఐచ్ఛికాలుగా ఉంటాయి, రెండూ పెట్టండి. ఇప్పటికే పాఠం ఉన్న ఫైలు ఎదురైతే తప్పు చూపించి ఆగుతుంది. అక్కడ ‘పాఠమున్న పేజీలు వదిలెయ్’ (స్కిప్ టెక్స్ట్) అనాలా, పైన చెప్పిన పాత ఫాంటు ఫైళ్లకు మల్లే ‘బలవంతంగా చదువు’ (ఫోర్స్ ఓసీఆర్) అనాలా అన్నది మీ కాపీ పరీక్షే చెబుతుంది.

మూడు భాషలూ కలిపి టీఈఎల్ ప్లస్ ఓఆర్ఐ ప్లస్ ఈఎన్‌జీ అని ఒకేసారి ఇచ్చేద్దామనిపిస్తుంది. ఇవ్వకండి. పని నెమ్మదిస్తుంది, పైగా తెలుగు, ఒడియా రెండూ గుండ్రటి లిపులే కావడంతో మసక కాగితం మీద ఒకదాన్ని ఇంకోటిగా పొరబడుతుంది. రెండు ఫోల్డర్లు పెట్టండి, తెలుగు-ఇంగ్లీషు ఒకటి, ఒడియా-ఇంగ్లీషు ఒకటి. ఏ కాగితం ఏ ఫోల్డర్లో పడాలో స్కాన్ చేసేటప్పుడే చేయి తేల్చేస్తుంది. నిజంగా రెండు లిపులూ ఒకే పేజీలో ఉన్న కాగితాలు పదో పరకో ఉంటాయి, వాటికి మాత్రం మూడూ ఇవ్వవచ్చు.

గూగుల్ డ్రైవ్‌లో ఫైలు పెట్టి ‘గూగుల్ డాక్స్‌తో తెరువు’ అంటే అదీ చదువుతుంది. పాడైపోయిన తెలుగు అచ్చును టెసరాక్ట్ కంటే అదే బాగా చదువుతుందని ఒప్పుకోవాలి. ఫైలు 2 ఎంబీ లోపుంటే మంచిది, పొడవాటి పీడీఎఫ్‌ను ముక్కలు చేసి ఇవ్వాలి. ఉచిత స్థలం 15 జీబీ, అది జీమెయిల్‌కూ ఫోటోలకూ కలిపి. పాత పెళ్లి శుభలేఖలకో, సావనీర్లకో వాడుకోండి. ఆధార్, పాన్, భూమి కాగితాలను మాత్రం దాని మీదకు ఎక్కించడానికి మేం మొగ్గం.

చేతిరాతను టెసరాక్ట్ చదవదు. కరణంగారి గొలుసుకట్టు రాతకు ఓసీఆర్ చేస్తే ముత్యాల్లాంటి ఆ అక్షరాలకు బదులు అర్థం లేని ముక్కలు పోగవుతాయి, అవి తర్వాత ప్రతి వెతుకులాటలోనూ అడ్డం పడతాయి. అలాంటి దస్తావేజుకు పక్కనే అదే పేరుతో ఒక నోట్‌ప్యాడ్ ఫైలు పెట్టండి. రాసిచ్చినవారు, రాయించుకున్నవారు, ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు చెక్కుబందులు ఉంటే చాలు, పది నిమిషాల పని. ఊరి పేరు రెండు రకాలుగానూ రాయండి, పర్లాకిమిడి అనీ పారలాఖెముండి అనీ. పాత విండోస్ నోట్‌ప్యాడ్ అయితే సేవ్ చేసేటప్పుడు ‘యూటీఎఫ్-8’ ఎంచుకోవాలి. లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారి శాశ్వతంగా పోతుంది.

వెతికించడం: ఏది ఎవరికి

ఎవ్రీథింగ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ విండోస్‌లో ఫైలు పేర్లను కన్నుమూసి తెరిచేలోపు వెతికిపెడుతుంది. లోపలి పాఠం జోలికి పోవడం దాని పని కాదు. మూడు నాలుగు వందల కాగితాలుండి, పేర్లు శ్రద్ధగా పెట్టే ఓపిక ఉన్నవాళ్లకు నిజానికి ఇదొక్కటే సరిపోతుంది.

విండోస్‌లో ఉన్న వెతుకులాట పీడీఎఫ్ లోపలికీ చూస్తుంది. అది పనిచేయడం లేదని తిట్టుకునేవాళ్లలో చాలామందికి కారణం ఒకటే. డీ డ్రైవ్‌లో కాగితాలు పెడతారు, సూచిక (వెతకడానికి ముందే కట్టుకునే మాటల పట్టిక, ఇండెక్స్) సీ డ్రైవ్‌లోని సొంత ఫోల్డర్లకే తయారవుతుంది. ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో ‘మోడిఫై’ నొక్కి ఆ ఫోల్డర్‌కు టిక్కు పెట్టండి. తర్వాత ‘అడ్వాన్స్‌డ్’లో ఫైలు రకాల దగ్గర పీడీఎఫ్‌కు ‘లోపలి పాఠం కూడా’ అన్నది ఎంచుకోండి. మొదటిసారి సూచిక పూర్తవడానికి ఒక రాత్రి వదిలేయండి.

రీకాల్‌ది వేరే స్థాయి. జేపియన్ అనే వెతుకులాట ఇంజిన్ మీద నడుస్తుంది. లినక్స్‌లో ఉచితం, విండోస్ ఇన్‌స్టాలర్‌కు కొద్ది సొమ్ము అడుగుతారు. మీ ఫైళ్లను కదపదు, పేర్లు మార్చదు, సూచికను వేరే చోట కట్టుకుంటుంది. మాట చివర నక్షత్రం గుర్తు పెట్టి వెతకొచ్చు, దొరికిన చోటును పాఠంతో సహా చూపిస్తుంది. రేపు రీకాల్ నచ్చకపోయినా తీసేయండి, కాగితాలు ఎక్కడివక్కడే ఉంటాయి. మా లెక్కలో ఎక్కువ ఇళ్లకు సరైన జోడీ ఎన్‌ఏపీఎస్2తో చదివించి రీకాల్‌తో వెతకడం.

పేపర్‌లెస్-ఎన్‌జీఎక్స్ పేరు చాలామంది వినే ఉంటారు. బ్రౌజర్లో తెరుచుకుంటుంది, ఇంట్లో అందరూ ఫోనులోంచి చూడొచ్చు, ట్యాగులు, పంపినవారి పేరు, కాగితం రకం, అన్నీ ఉంటాయి. దాన్ని నడపడానికి డాకర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఎప్పుడూ నడిచే ఒక కంప్యూటర్ కేటాయించాలి. 4 జీబీ కంటే తక్కువ మెమరీ ఉన్న పాత పెట్టె మీద వద్దు. మన ఇళ్లకు ఇందులో మూడు గోతులున్నాయి.

మొదటిది, భాష అమరిక మొత్తం లైబ్రరీకి ఒకటే, కాగితం కాగితానికీ మార్చలేం. కాబట్టి రెండు ఫోల్డర్లలో ముందే చదివించి, పాఠం చేరిన పీడీఎఫ్‌లనే దీనికి అప్పగించాలి. పాఠం ఉన్నవాటిని అది మామూలుగా మళ్లీ చదవదు. అక్కడా దానితోనే చదివించాలనుకుంటే పేర్లు దగ్గరగా ఉన్న రెండు అమరికలున్నాయని గుర్తుంచుకోండి. ‘ఓసీఆర్ లాంగ్వేజెస్’ భాషలను ఎక్కిస్తుంది, మధ్యలో ఖాళీ ఇచ్చి రాయాలి. ‘ఓసీఆర్ లాంగ్వేజ్’ వాడకానికి, మధ్యలో ప్లస్ గుర్తు. ఒకటి నింపి రెండోది మరిచిపోవడం అందరూ చేసే తప్పు.

రెండోది, ‘కన్స్యూమ్’ ఫోల్డర్లో పడేసిన ఫైలును అది తన లోపలికి తీసుకుని అక్కడ చెరిపేస్తుంది. ఫైలుపేరు పద్ధతిని మీరు అమర్చకపోతే లోపల 0000001, 0000002 అంటూ అంకెలే మిగులుతాయి. సాఫ్ట్‌వేర్ పాడైన రోజున వెయ్యి అంకెల్లో తాతగారి వీలునామా ఏదో వెతుక్కోవాలి. మొదటి రోజే సంవత్సరం, రకం, శీర్షిక వచ్చేలా పేరు పద్ధతి రాసి పెట్టండి.

మూడోది తెలుగుకు సంబంధించింది. రెండో శ్రేణి విడుదలల్లో దాని ‘అడ్వాన్స్‌డ్’ వెతుకులాట పైథాన్‌లో రాసిన వూష్ అనే వెతుకులాట ఇంజిన్ మీద ఆధారపడుతుంది. పైథాన్ సాధారణ లెక్కలో గుణింతపు గుర్తులూ పొల్లూ ‘అక్షరాలు’ కావు. అందువల్ల ‘పట్టా’ అనే మాట ఒకే మాటగా నిలవకుండా పొల్లు దగ్గర తెగిపోతుంది. సంబంధం లేని కాగితాలు కుప్పగా వస్తాయి, రావలసింది అడుగున పడుతుంది. వెతికే పెట్టె పక్కన ‘టైటిల్ అండ్ కంటెంట్’ ఎంచుకుంటే అది అక్షరాలను వరసగా పోల్చి చూస్తుంది కాబట్టి తెలుగు సరిగ్గా పలుకుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరే, కాగితాలన్నీ ఎక్కించక ముందు ‘రిజిస్ట్రేషన్’, ‘లక్ష్మీనారాయణ’ వంటి వత్తులెక్కువున్న రెండు మాటలతో వెతికి చూడండి.

క్యాలిబర్ అనే సాఫ్ట్‌వేర్ ఈ-పుస్తకాలకు. 2022లో వచ్చిన ఆరో విడుదల నుంచి పుస్తకాల లోపల కూడా వెతుకుతుంది. రశీదులూ పట్టాలూ దానిలో కుక్కకండి. ప్రతిదానికీ రచయిత పేరు అడుగుతుంది, కరెంటు బిల్లుకు రచయిత ఎవరని రాస్తాం?

పేర్లు, తేదీలు

ఫైలుపేరు ఏడాది-నెల-రోజు అంకెలతో మొదలుపెట్టండి. అప్పుడు వరస దానంతటదే కుదురుతుంది. తర్వాత రకం, ఊరు, నంబరు: 1987-05-12_క్రయం_గుణుపురం_ఖాతా 125. ఈ నంబరును మామూలు అంకెల్లో రాయడం ముఖ్యం. ఒడియా అంకెల్లో అచ్చయిన కాగితాన్ని ఓసీఆర్ ఒడియా అంకెలుగానే చదువుతుంది, మీరు 125 అని కొడితే అది దొరకదు. తెలుగు అంకెల్లో ౧౨౫ అని ఉన్న పాత కాగితానికీ ఇదే చిక్కు.

పాత కాగితం మీద ఫసలీ (శిస్తు లెక్కల) సంవత్సరం ఉంటే 590 కలపండి. ఫసలీ 1340 అంటే 1930 జులై 1 నుంచి 1931 జూన్ 30 వరకు. నెల తెలియనప్పుడు 1930-31 అని రాసి వదిలేయండి, ఊహించి తేదీ వేయకండి.

పేరు తెలుగులో పెట్టుకోవచ్చు గానీ పొడవు చూసుకోండి. లినక్స్‌లో ఫైలుపేరుకు 255 బైట్ల హద్దు. తెలుగులో ప్రతి హల్లూ, ప్రతి గుణింతపు గుర్తూ, ప్రతి పొల్లూ విడివిడిగా 3 బైట్లు తింటాయి. ‘భాగపరిష్కారదస్తావేజు’ అన్న ఒక్క మాటకే 60 బైట్లు. విండోస్‌లో మొత్తం దారి 260 అక్షరాలు దాటితే చాలా సాఫ్ట్‌వేర్లు మొరాయిస్తాయి, కాబట్టి ఫోల్డర్లో ఫోల్డర్, దానిలో ఫోల్డర్ పెంచుకుంటూ పోవద్దు. రెండు అంతస్తులు చాలు.

తెలుగు మాటను ఎలా అడగాలి

సూచికలు మాటను మాటగానే చూస్తాయి. ‘పట్టా’ అని అడిగితే ‘పట్టాలో’, ‘పట్టాదారు’ రాకపోవచ్చు. ‘పట్టా*’ అనాలి. మాట మధ్యలో మారిపోయేవాటికి నక్షత్రం కూడా సాయపడదు. ‘ఇల్లు*’ అంటే ‘ఇంటి పన్ను’ రాదు, ‘ఇంటి*’ అని మళ్లీ అడగాలి.

పాత దస్తావేజుల్లో క్రయం అని ఉండదు, క్రయము అని ఉంటుంది. రాసి అని ఉండదు, వ్రాసి అనో వ్రాయించి అనో ఉంటుంది. గిడుగు రామమూర్తిగారు వాడుక భాష కోసం పోరాడింది పర్లాకిమిడి నుంచే అయినా ఆ ఊరి దస్తావేజులు మాత్రం గ్రాంథికం విడిచిపెట్టలేదు. ‘క్రయ*’, ‘వ్రా*’ అని మొదలు ముక్కతో అడగడం అలవాటు చేసుకోండి. ఇంకో దొంగ ఉంది. ‘ఆఫీస్‌లో’ వంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక విభజన గుర్తు ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. ఫైలుపేర్లలోనూ నోట్‌ప్యాడ్ ఫైళ్లలోనూ అలాంటి రూపం వాడకుండా ‘ఆఫీసులో’ అని రాస్తే గొడవే లేదు.

తాళాలు, నకళ్లు

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు తాళం ఉంటుంది, పేరులోని మొదటి నాలుగు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం. బ్యాంకు స్టేట్‌మెంట్లకూ ఏదో ఒక తాళం ఉంటుంది. తాళమున్న ఫైలు లోపలికి ఏ సూచికా వెళ్లలేదు. స్టేట్‌మెంట్ల తాళం తీసి నకలు పెట్టుకోవచ్చు. ఆధార్‌ను తాళంతోనే ఉంచి, ఫైలుపేరుతో వెతుక్కోవడం మేలు. డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్‌కు ఓసీఆర్ చేస్తే ఆ సంతకం చెల్లకుండా పోతుంది. అసలు ఫైలును ‘మూలాలు’ అనే ఫోల్డర్లో ముట్టుకోకుండా పెట్టి, నకలు మీదే పనిచేయండి.

సూచిక పోయినా మళ్లీ కట్టుకోవచ్చు, ఫైళ్లు పోతే పోయినట్టే. నకలు తీసేటప్పుడు ఫైళ్లు తీయండి. పేపర్‌లెస్ వాడేవాళ్లు మాత్రం దాని ఎగుమతి ఆదేశంతో ట్యాగులతో సహా బయటికి తీయాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో వరదా కొండచరియలూ కలిసి ఇళ్లను ముంచాయి. బీరువాలో కాగితాలు, అదే బీరువా పై అరలో పెన్‌డ్రైవ్ ఉంటే దాన్ని రెండో నకలు అనుకోవడానికి లేదు. ఒక హార్డ్‌డిస్క్ ఇంట్లో, ఇంకోటి విశాఖలోనో విజయనగరంలోనో ఉన్న అక్కచెల్లెళ్ల ఇంట్లో, డిస్కుకు తాళం వేసే సాఫ్ట్‌వేర్ వెరాక్రిప్ట్‌తో తాళం వేసి ఉంచండి. ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతికీ దసరాకూ రాకపోకలు ఎలాగూ ఉంటాయి, డిస్కులు అప్పుడు మార్చుకోవచ్చు. తాళం మాటను కాగితం మీద రాసి ఇంట్లో ఇంకొకరికి చూపించి పెట్టండి. మరిచిపోతే వెరాక్రిప్ట్‌ను తెరవడానికి ఏ దొడ్డిదారీ లేదు.